టి.ఎం.సి.ల లెక్కల్లో మనం ఎక్కడ?

కృష్ణా జలాల గురించి ఎవరు మాట్లాడినా ముందుగా వినిపించేవి అంకెలు. బచావత్ ట్రిబ్యునల్ మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు పంచింది. కె.సి. కాలవకు 39.9, శ్రీశైలం కుడి కాలవకు 19 అన్నారు. పోతిరెడ్డిపాడు తూముల గుండా పారాల్సింది 11,150 క్యూసెక్కులా, 44,000 క్యూసెక్కులా అని వాదించుకున్నారు. ఈ అంకెల మీద ప్రభుత్వాలు కోర్టులకెక్కాయి, పార్టీలు ఎన్నికలు నడిపాయి. ఇవి అనవసరమైన అంకెలని నేననను. కరువు సీమలో టి.ఎం.సి. అంటే ఏమిటో చదువు రానివాళ్ళకు కూడా తెలుసు.

అయితే ఈ లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోందో మనం గమనించాలి. రాష్ట్రాల దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి ప్రాజెక్టుకూ, ప్రాజెక్టునుంచి కాలవకూ, కాలవనుంచి తూముకూ, తూమునుంచి పట్టాదారుకూ చేరుతుంది. అక్కడితో సరి. పట్టాదారు తరువాత లెక్కలో మనుషులు లేరు. నది పక్కన, కాలవ కింద బతుకుతున్న ఆడవాళ్ళలో అత్యధికులు ఆ గీతకు అవతలే వుండిపోయారు. నదిని కాపాడుకోవడం, నీటిని రేపటికి మిగుల్చుకోవడం అనే మాటలు ఈమధ్య అన్ని వేదికలమీదా వినిపిస్తున్నాయి. నీటిమీద హక్కును భూమి పట్టాకు ముడివేసినంతకాలం ఆ మాటలు మాటలుగానే మిగిలిపోతాయన్నది నా వాదన.

ఈ వాదనకు కొత్తపల్లె మండలాన్ని మించిన ఉదాహరణ అక్కర్లేదు. నంద్యాల జిల్లాలో శ్రీశైలం జలాశయం ఒడ్డునున్న మండలమది. సంగమేశ్వరం, సిద్ధేశ్వరం దాని పరిధిలోవే. సంగమేశ్వరం దగ్గర ఏడు నదులు కలుస్తాయని జనం నమ్మకం. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, మలాపహారిణి, భీమరథి, భవనాశి. ఏడింటిలో భవనాశి ఒక్కటే మగ నది అంటారు. పేర్లలో మాత్రం ఆడవాళ్ళదే మెజారిటీ అన్నమాట! ఆ నీటి మీద నిర్ణయాలు చేసే ట్రిబ్యునళ్ళలోగానీ బోర్డుల్లోగానీ నీటి సంఘాల్లోగానీ ఆ మెజారిటీ మనకు కనిపించదు. నదిని తల్లీ అని పిలిచి, పసుపు కుంకుమలిచ్చి పూజించే సమాజం ఆ నీటిమీద తల్లులకు మాట లేకుండా చేయడంలో వైరుధ్యం చూడదు. పొగడ్త ఒకచోట, అధికారం మరోచోట వుండటం పితృస్వామ్యంలో మామూలే.

మునిగినవాళ్ళు ఎవరు, పరిహారం ఎవరికి?

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. 1981 నాటికి జలాశయం నిండటం మొదలైంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. లక్షమంది దాకా నిర్వాసితులయ్యారు. 1981 జూన్‌లో, ఇంకా కదలని జనాన్ని ఖాళీ చేయించడానికి ‘ఆపరేషన్ డిమాలిషన్’ అని పేరుపెట్టి ఇళ్ళు కూల్చారు. అదే ప్రాజెక్టు కింద మునగబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపురం తరలించి, మళ్ళీ ఉన్నదున్నట్టు నిలబెట్టారు. గుడిని కాపాడినందుకు నాకు అభ్యంతరం లేదు. రాళ్ళ విషయంలో అంత ఓపిక చూపగలిగిన రాజ్యం మనుషుల విషయంలో బుల్డోజరును ఎందుకు ఎంచుకుందన్నదే ప్రశ్న.

ఆ రోజుల్లో పరిహారం 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నడిచింది. కాగితం మీద ఎవరి పేరుంటే పరిహారం వారిది. కాగితం మీద వున్నది మగవాడి పేరు. ఒక ఊరు మునిగితే పోయేది పొలం ఒక్కటే కాదు కదా. ఏటి ఒడ్డున వేసవిలో పెట్టుకునే దోసపాదులు పోతాయి. మేకలు మేపుకునే బంజరు, పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకునే గుట్ట పోతాయి. పాలూ మజ్జిగా అమ్ముకునే పక్కూరి సంత పోతుంది. కాన్పుకు పిలవగానే వచ్చే మంత్రసాని, చేబదులిచ్చే ఇరుగమ్మ, పుట్టింటికి నడిచిపోయే దారి పోతాయి. ఇవన్నీ ఆడవాళ్ళ ఆస్తులు. వీటిలో ఒక్కదానికి కూడా సర్వే నంబరు లేదు, కాబట్టి ఒక్కదానికి కూడా విలువ కట్టలేదు.

పరిహారం డబ్బు కుటుంబ పెద్ద చేతికి వచ్చింది. మన పనిలో ముంపు ఊళ్ళ ఆడవాళ్ళను కలిసినవాళ్ళందరికీ ఆ డబ్బు ఎలా కరిగిపోయిందో తెలుసు. పాత అప్పుకు కొంత, సారాకు కొంత, కూతురి కట్నానికి కొంత. మెట్ట మీద మళ్ళీ ఇల్లు కట్టి, బోరింగు దగ్గర బిందెల వరసలో నిలబడినవాళ్ళు మాత్రం ఆడవాళ్ళే. 1986లో వచ్చిన జీవో 98 ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అంది. దానికోసం కార్యాలయాల చుట్టూ దశాబ్దాలపాటు తిరిగినవాళ్ళున్నారు. కుటుంబానికి ఒకటే ఉద్యోగమైతే అది కొడుక్కా, కూతురికా? ఈ ప్రశ్న వేయాల్సిన అవసరం కూడా ఇళ్ళల్లో రాదు. మన కుటుంబాల్లో దానికి జవాబు ముందే ఖాయమై వుంటుంది.

వేసవిలో జలాశయం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే భూముల్లో నిర్వాసితుల కుటుంబాలు పంట వేసుకుంటాయి. ఒకప్పటి తమ భూమే అయినా దానికి పట్టా వుండదు, పంటరుణం రాదు. నీళ్ళు ముందే వచ్చేస్తే నష్టం అడగడానికి దిక్కుండదు. జలాశయంలో నీటిమట్టం ఎంత వుండాలన్నది రాజకీయ నిర్ణయం. కనీస మట్టాన్ని 1996లో జీవో 69 ద్వారా 854 అడుగులనుంచి 834కు తగ్గించారు. 2004లో జీవో 107 ద్వారా మళ్ళీ 854కు పెంచారు. కరెంటు ఉత్పత్తికి ఎంత, సాగుకు ఎంత అని ఈ మట్టంమీద ఇప్పటికీ తగాదా నడుస్తూనే వుంది. ఆ ఒడ్డున బతికేవాళ్ళను కూడా ఒక పక్షంగా పిలవాలని ఏ పక్షానికీ తట్టలేదు.

కాలవ కింద ఓటు ఎవరిది?

పోతిరెడ్డిపాడు నుంచి బయలుదేరిన నీళ్ళు బనకచెర్ల దగ్గర చీలి తెలుగుగంగకు, శ్రీశైలం కుడి కాలవకు, కె.సి. కాలవకు పోతాయి. వెలుగోడు మీదుగా, నంద్యాల మీదుగా ఆళ్ళగడ్డ దాకా చేలు తడిపేది ఈ నీళ్ళే. కె.సి. కాలవ చరిత్ర మరీ పాతది. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ లాభం కోసం తవ్వడం మొదలుపెట్టింది. లాభం రాక 1882లో ప్రభుత్వానికి అప్పగించింది. తుంగభద్ర నీటిని సుంకేసుల దగ్గర మళ్ళించి పెన్నా పరీవాహకంలోకి తెచ్చిన ఆ కాలవ కింద ఇవాళ రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు వుంది.

ఈ ఆయకట్టులో నాట్లు వేసేది ఆడవాళ్ళు. కలుపు తీసేది, మిరపకాయ కోసేది, పత్తి ఏరేది ఆడవాళ్ళు. కాలవకు నీళ్ళు పది రోజులు ఆలస్యమైతే పది రోజుల కూలి పోయేది వాళ్ళకు. నీళ్ళు అసలే రాకపోతే వలసపోయేది, లేదా ముసలివాళ్ళనూ పిల్లలనూ చూసుకుంటూ ఊళ్ళో మిగిలేది వాళ్ళు. మరి నీళ్ళెప్పుడు వదలాలో తేల్చేచోట వాళ్ళు ఏరీ?

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల్లో రైతుల యాజమాన్య చట్టం తెచ్చింది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. దేశంలోనే మొదటిసారి ఇంత పెద్దఎత్తున నీటిని ప్రజలకు అప్పగించామని చెప్పుకున్నారు. ఆ ప్రజలు ఎవరు? ఆయకట్టులో భూమి వుండి, రికార్డుల్లో పేరున్నవాళ్ళు. ఓటు వాళ్ళకే. అంతకు అయిదేళ్ళముందే, 1992లో, 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. నీటి సంఘాల చట్టం రాసినవాళ్ళకు ఆ ఊసు కూడా గుర్తుకు రాలేదు. పంచాయతీలో ఒక ఆడమనిషి సర్పంచి కావచ్చు. అదే ఊళ్ళో తూము దగ్గర ఆమెకు ఓటు లేదు.

భూమి ఎవరి పేర వుందో 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. దేశం మొత్తంమీద సాగు కమతాల్లో స్త్రీల పేర వున్నవి దాదాపు 14 శాతం. మన రాష్ట్రం అంతకంటె నయమే, కానీ సగానికి చాలా దూరంలో వుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇస్తూ 1985లో మన రాష్ట్రం చేసిన సవరణ అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. 2005లో కేంద్ర చట్టం వచ్చినా, వాటా అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం ఏ చట్టంతోనూ పోలేదు. కౌలుకు చేసే ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. భర్త చనిపోయి, రెండెకరాలు కౌలుకు చేసుకుంటున్న మనిషికి ఎంతమంది యజమానులు సంతకం పెడతారో మన కార్యకర్తలను అడిగితే చెబుతారు.

నది వాటా ఎంత?

ఇంతవరకూ చెప్పింది న్యాయం సంగతి. కొందరు మిత్రులు దీన్ని సాంఘిక సమస్యగా పక్కకు పెట్టి, నది రక్షణ వేరే విషయం, అది ఇంజనీర్ల పని అంటారు. నేను ఒప్పుకోను. పంటకూ కరెంటుకూ తప్ప మరే అవసరానికీ చోటివ్వని లెక్కే నదిని కూడా చంపుతోంది.

2010 డిసెంబరులో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2,578 టి.ఎం.సి.లను మూడు రాష్ట్రాలకు పంచింది. అందులో నది నదిగా పారడానికి వదలమన్నది 16 టి.ఎం.సి.లు. నూటికి ఒక వంతు కూడా కాదు. ఆ తీర్పు కూడా సుప్రీంకోర్టు స్టే వల్ల గెజిట్‌కు ఎక్కలేదు. ఎక్కినా, అంత పెద్ద నదికి అది ఏమూలకు?

శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టి.ఎం.సి.లు పట్టేది. పూడిక వల్ల ఇప్పుడు 216 లోపే పడుతుంది. పోయిన 92 టి.ఎం.సి.ల చోటు కె.సి. కాలవ రెండేళ్ళ కేటాయింపు కంటె ఎక్కువ. ఎగువన కొండలు బోడిగా మారి, మట్టి కొట్టుకొచ్చి చేరిందది. దానిమీద ఏ రెండు రాష్ట్రాలూ ఢిల్లీకి పోయి పోట్లాడలేదు. అడవినీ చెరువునూ కనిపెట్టుకుని వుండే పని పట్టాదారుకు ప్రత్యేకంగా లాభం తెచ్చేది కాదు గనుక అది ఎవరికీ పట్టలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద చెరువుల్లో పూడిక తీసి మట్టి మోసినవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. ఏ చెరువు తీయాలో, ఏ వాగుకు అడ్డుకట్ట వేయాలో తేల్చింది మాత్రం వాళ్ళు కాదు.

కుందూ నది సంగతి చూడండి. ఓర్వకల్లు వైపు పుట్టి, నంద్యాల పక్కనుంచి పారి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. నంద్యాల పట్టణం మురుగు వాగుల గుండా వచ్చి అందులోనే చేరుతుంది. అదే కుందూ 2019 సెప్టెంబరు వానలకు పొంగి ఊళ్ళు ముంచింది, ఆ వానల్లోనే మహానంది గుడిలోకి నీళ్ళు వచ్చాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఏకమై కర్నూలును ముంచిన సంగతి మనలో చాలామంది కళ్ళారా చూశాం. ఎండాకాలం కాలవగా, వానాకాలం గండంగా మాత్రమే నదిని చూసే పాలనకు, ఏడాది పొడుగునా దానితో పని వుండేవాళ్ళ జ్ఞానం అవసరం. ఏ బావిలో నీరు ఏ నెలలో ఉప్పగా మారుతుందో, ఏ వాగు నీటితో పశువులకు జబ్బు చేస్తుందో ముందుగా తెలిసేది నీళ్ళు మోసేవాళ్ళకు. ఇది ఆడవాళ్ళ పుట్టుకలో వున్న మహిమ కాదు. సమాజం వాళ్ళమీద వేసిన చాకిరీలోంచి వచ్చిన తెలివిడి. చాకిరీ చేయించుకుంటూ ఆ తెలివిడిని వాడుకోకపోవడం రెండోసారి దోచుకోవడమే.

ఇతర దేశాలనుంచి రెండు పాఠాలు

ఇది మన ఒక్కరి కథ కాదు. శ్రీలంకలో 1970ల చివర మహావేలి నది మీద పెద్ద పథకం మొదలుపెట్టి, తరలివచ్చిన కుటుంబాలకు రెండున్నర ఎకరాల మాగాణి, అర ఎకరం ఇంటిస్థలం ఇచ్చారు. పట్టాలు ప్రధానంగా మగవాళ్ళ పేర రాశారు. భూమి ముక్కలు కాకూడదని వారసుడు ఒక్కడే వుండాలన్నారు. అంతకుముందు అక్కడి ఆచారాల్లో కూతుళ్ళకు కొంత వాటా వుండేది. కొత్త నీళ్ళు వచ్చి పాత హక్కును కొట్టుకుపోయాయి. అభివృద్ధి వస్తే స్త్రీల స్థితి దానంతటదే బాగుపడుతుందని నమ్మేవాళ్ళు మహావేలి గురించి చదవాలి.

మెకాంగ్ నది విషయం మరో రకం. 1995లో కంబోడియా, లావోస్, థాయిలాండ్, వియత్నాం కలిసి నదిని ఉమ్మడిగా చూసుకోవడానికి ఒప్పందం చేసుకుని కమిషన్ పెట్టుకున్నాయి. ఎగువన ఆనకట్టలు కడుతున్న చైనా అందులో పూర్తి సభ్యురాలు కాదు. కంబోడియాలో తోన్లే సాప్ సరస్సులోకి వానాకాలంలో మెకాంగ్ నీరు వెనక్కి పారుతుంది, ఆ వరదతోనే చేపలు పెరుగుతాయి. ఆ చేపను ఎండబెట్టి, ఊరబెట్టి, సంతలో అమ్మి ఇల్లు గడిపేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. వరద తగ్గిన ఏడు వాళ్ళ పొయ్యి మీద ప్రభావం పడుతుంది. ఒప్పందంలో దేశాలకు మాత్రం కుర్చీలున్నాయి.

1992లో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు నీటిని సమకూర్చడంలో, నిర్వహించడంలో, కాపాడటంలో స్త్రీలది కీలకపాత్ర అని మూడో సూత్రంగా ప్రకటించింది. ముప్ఫై ఏళ్ళు దాటిపోయాయి. ‘పాత్ర’ అన్న మాట తేలిగ్గా ఒప్పుకున్నారు, ఎందుకంటే పాత్ర పేరుతో పని చేయించుకోవచ్చు. మనం అడగాల్సింది హక్కు, ఓటు.

‘ముందు నీళ్ళు రానీండి’ అనేవాళ్ళతో

రాయలసీమలో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే జవాబొకటుంది. ముందు సీమకు నీళ్ళు రావాలి, ఆడా మగా వాటాలు తరువాత చూసుకుందాం అని. సీమకు అన్యాయం జరిగింది నిజమే. 1937 శ్రీబాగ్ ఒప్పందంలో నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం అని రాసుకున్నారు. 1950లలో సిద్ధేశ్వరం దగ్గర కట్టాల్సిన కృష్ణా-పెన్నా ప్రాజెక్టు పక్కకు పోయి నాగార్జునసాగర్ వచ్చింది. 2016 మే 31న వేలాది రైతులు తామే సిద్ధేశ్వరం అలుగుకు శంకుస్థాపన చేయడానికి పూనుకున్నారంటే ఆ ఆక్రోశం ఎంత పాతదో అర్థం చేసుకోవాలి. నేను ఆ పోరాటం పక్షానే వున్నాను.

అయినా ‘తరువాత’ అన్న మాటను స్త్రీలు చాలా ఉద్యమాల్లో విన్నారు. ఆ తరువాత రానే రాలేదు. నీళ్ళు వచ్చాక పంపకం అప్పటికే బిగిసిపోయి వుంటుంది. పైగా సీమ అడిగేది ఏమిటి? ఎగువవాళ్ళూ దిగువవాళ్ళూ మమ్మల్ని అడక్కుండా మా నీళ్ళమీద నిర్ణయం చేశారు అని కదా. ఆ వాక్యాన్నే ఊళ్ళో ఆడవాళ్ళు తమ మగవాళ్ళతో అంటున్నారు. ఒకటి న్యాయమైతే రెండోది కూడా న్యాయమే.

ఇది రేపటి సమస్య కూడా కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81,900 కోట్ల అంచనాతో గోదావరి వరదనీటిని 200 టి.ఎం.సి.ల దాకా బనకచెర్లకు తెచ్చే పథకాన్ని ముందుకు తెచ్చింది. ఆ జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ఆ ప్రతిపాదనను తిప్పిపంపింది. పథకం రూపం మారవచ్చు, పేరు మారవచ్చు. ఇలాంటి పథకం ఏది వచ్చినా కొత్త ముంపు, కొత్త కాలవలు, కొత్త భూసేకరణ తప్పవు. 2013 భూసేకరణ చట్టం వితంతువులనూ, విడాకులు పొందినవాళ్ళనూ, భర్త వదిలేసినవాళ్ళనూ వేరే కుటుంబాలుగా లెక్కించమంది. వయసొచ్చిన కూతురిని కూడా కొడుకుతో సమానంగా ఒక కుటుంబమంది. ఇది శ్రీశైలం నిర్వాసితులకు దక్కని హక్కు. కానీ 2017లో తెలంగాణ, 2018లో ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణలు సాగునీటి ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనానుంచి మినహాయించే దారి తెరిచాయి. అంచనాయే జరగకపోతే ఒంటరి స్త్రీ ఎక్కడుందో ఎవరు రాస్తారు?

అందుకే మన సంఘాలు ఇప్పుడే పట్టుకోవాల్సిన పనులు నాలుగున్నాయి.

ఒకటి. నీటి సంఘాల ఓటును భూమి రికార్డునుంచి విడదీయాలి. ఆయకట్టులో సాగుచేసే ప్రతి కుటుంబంనుంచీ భార్యాభర్తలిద్దరికీ, కౌలుదారులకూ, కూలీలకూ ఓటుండాలి. కమిటీల్లో సగం స్థానాలు స్త్రీలవి కావాలి.

రెండు. ఏ కొత్త ప్రాజెక్టుకైనా సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి చేయాలి. పరిహారం ఖాతా భార్యాభర్తల ఉమ్మడి పేర వుండాలి. ఉమ్మడి వనరులకు, పోయిన జీవనోపాధికి విలువ కట్టాలి.

మూడు. శ్రీశైలం నిర్వాసితుల లెక్క మళ్ళీ తీయాలి. జీవో 98 కింద ఎందరు కూతుళ్ళకు ఉద్యోగాలొచ్చాయో ప్రభుత్వం చెప్పాలి. సమాచార హక్కు చట్టం కింద ఈ దరఖాస్తు పెట్టడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాలుగు. నది పారడానికి వదిలే నీటిని, పూడికను, పట్టణాల మురుగును కూడా నీటి పంపకంలో భాగంగా చర్చించాలి. ఆ చర్చ జరిగే ప్రతి బోర్డులోనూ ఒడ్డున బతికే స్త్రీల ప్రతినిధులుండాలి.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. మీ మండలంలో ఎన్ని సంఘాలకు స్త్రీలు అధ్యక్షులయ్యారో, ఎందరు స్త్రీల పేర్లు ఓటర్ల జాబితాలో వున్నాయో కనుక్కోండి. ఇరిగేషన్ ఆఫీసులో ఆ జాబితాలు వుంటాయి. కొత్తపల్లె నుంచి ఆళ్ళగడ్డ దాకా ఒక్కో మండలం జాబితా తెచ్చి ఒకచోట పెడితే, వచ్చే ఎన్నికల నాటికి మన చేతిలో మన అంకెలుంటాయి. అంకెలతో మాట్లాడేవాళ్ళ దగ్గరికి ఉత్తచేతులతో పోకూడదు.